హాజరు

క్లినిక్‌లో ఒక కాగితం ఇస్తారు. పెన్ను తాడుతో బల్లకి కట్టి ఉంటుంది.
ఏడో ప్రశ్న:
మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా తమ ప్రాణం తామే తీసుకున్నారా?
అయితే ఎంతమంది?
పక్కన ఒకే ఒక్క అంకె పట్టే గడి.

ఎవరిని లెక్కపెట్టను?
ఒకే గుడారంలో ఆర్నెల్లు
నా పక్క మంచం మీద గురకపెట్టిన క్వింట్‌నా?
ముఖం ఎన్నడూ చూడకుండా, అర్ధరాత్రి ఫోన్లో
గొంతు మాత్రమే తెలిసిన ఆ నెవాడా కుర్రాణ్ణా?
మారెన్‌నా?
మారెన్‌ని ఒకటి అని రాయడం
నాకు చేతకాదు.

పదకొండేళ్ళు సైన్యంలో డీజిల్ మెకానిక్‌ని.
ఇంజను ఆగిపోయే ముందు ఒక చప్పుడు చేస్తుంది,
వినే చెవి ఉంటే వినబడుతుంది.
మారెన్ దగ్గర ఆ చప్పుడు విన్నానా, విననట్టు ఉన్నానా?
ఈ ప్రశ్న ఏ కాగితం మీదా లేదు.
జవాబు మాత్రం రోజూ రాస్తున్నాను.

ఆ ఫిబ్రవరిలో డులూత్ దగ్గర సరస్సు రాయిలా బిగుసుకుంది,
ఇనుప ఖనిజం మోసే ఓడలు రేవులోనే పడుకున్నాయి.
మారెన్‌కి పాత యూనిఫాం తొడిగారు.
జుట్టు కత్తిరించారు.
ఆ జుట్టుకి నాలుగేళ్ళు పట్టింది.

సార్జెంటు హాజరు పిలిచాడు.
బతికున్నవాళ్ళు ఒక్కొక్కరే పలికారు.
తర్వాత ఆ పేరు పిలిచాడు,
నేనిక్కడ రాయని ఆ పేరు,
ఒకసారి, రెండోసారి,
మూడోసారి హోదాతో సహా.
ఎవరూ పలకలేదు.
ఆచారం అంతే, ఆ నిశ్శబ్దం కోసమే పిలుస్తారు.

వెనక వరసలో మేం ముగ్గురం.
నాకు నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి.
ఆ పేరుకి మారెన్
బతికున్నప్పుడూ పలికేది కాదు.

ఆ రాత్రి వంటగదిలో లైటు వెయ్యకుండా కూర్చున్నాను.
ఎందుకో రాయను.
తెలిసినవాళ్ళకి తెలుసు,
తెలియనివాళ్ళకి ఎప్పటికీ తెలియకుండు గాక.

రెండున్నరకి తలుపు చప్పుడు.
కార్విన్, చేతిలో పార.
"మెట్ల మీద మంచు తీద్దామని వచ్చా."
ఈ వేళప్పుడా?
"నిద్రపట్టలేదు. నీకు పట్టిందా?"
వైద్యదళంలో పనిచేసినవాడు,
అడక్కుండానే నా మణికట్టు పట్టుకుని
గోడ గడియారం వైపు చూశాడు.
"కొట్టుకుంటోంది" అన్నాడు,
ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.
తెల్లారేదాకా కూర్చుని
డబ్బాలో చల్లారిన చిక్కుడుగింజలన్నీ తిని వెళ్ళాడు.
మంచు మాత్రం తియ్యలేదు.

ఇప్పుడు గురువారాలు
లూథరన్ చర్చి నేలమాళిగలో కలుస్తాం.
మడత కుర్చీలు, మాడిన కాఫీ వాసన.
అరవై ఒక్కేళ్ళ ఓడెట్ పట్టీ తీస్తుంది.
నౌకాదళంలో రేడియో పని ఆమెది,
ఆ రోజుల్లో ఉత్తరం చేతిలోపెట్టి పంపేశారు.
గొంతులో ఇప్పటికీ కాస్త గరగర.
పిలిచేవన్నీ మేం పెట్టుకున్న పేర్లే.
తల ఊపితే ఒప్పుకోదు, నోటితో పలకాలి.

ఉన్నాను.

ఉన్నాడంటే ఒకడు, ఉందంటే ఒకతె.
ఉన్నాను అన్నప్పుడు
దిద్దడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

చివర్న మారెన్‌ని కూడా పిలుస్తుంది, ఒక్కసారే.
నిశ్శబ్దాన్ని ఉండనివ్వం.
చేతి తొడుగులు అరువు తీసుకుని ఇవ్వలేదని ఒకరు,
పేకాటలో సిగ్గులేకుండా మోసం చేసేదని ఒకరు,
ఏదో ఒకటి అంటాం.
ఒక్కోసారి తిడతాం కూడా.

పోయినసారి క్లినిక్‌లో
ఏడో ప్రశ్న గడి దాటి, అంచు దాటి
కాగితం వెనక్కి తిప్పి పేర్లు రాశాను.
నర్సు ఏమీ అనలేదు.
కట్టిన తాడు విప్పి, పెన్ను నా చేతికిచ్చింది.

గురువారం ఎవరైనా పలక్కపోతే
కార్విన్ లేచి పార తీసుకుంటాడు.
మే నెలలో కూడా.